గంటన్నర దూరం

పూణె నుంచి బెంగుళూరుకు విమానంలో గంటన్నర. ఈ సంగతి పెనుకొండలో కొండ కింది వీధిలో అందరికీ తెలుసు, ఎందుకంటే గంగాదేవి చెప్పకుండా ఎవరినీ వదల్లేదు. కుళాయి దగ్గర చెప్పింది, పాలు పోసే ఆమెకు చెప్పింది, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తనతో పాటు సంగటి ముద్దలు చేసే ఆడవాళ్లకైతే రోజూ చెప్పింది. గాలిలో ఏడు వందల కిలోమీటర్లకు పైనేనట, అయినా గంటన్నరే. అదే రైలయితే ధర్మవరం చేరేసరికి రాత్రంతా పోయి మరుసటి పగలులో కూడా కొంత పోతుంది. బెంగుళూరు విమానాశ్రయం నుంచి పెనుకొండకు కారులో రెండు గంటలు. అంటే పూణెలో పొద్దున ఇడ్లీ తిన్న కూతురు సాయంత్రం టీ ఇంట్లో తాగొచ్చు.

ఈ లెక్క ఆమెకు అల్లుడు ఆనంద్ చెప్పాడు. అతడు మొదట ఎర్రమంచిలోనే పనిచేసేవాడు. పూణె దగ్గర ఇంకో ఫ్యాక్టరీలో మెరుగైన ఉద్యోగం దొరికితే, పెళ్లయిన కొన్నాళ్లకే రాధను తీసుకుని వెళ్లిపోయాడు. రాధకు ఇప్పుడు మొదటి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎప్పుడు తీసుకురావాలన్న దాని మీదే.

ఏడో నెలలో ఆనంద్‌కు సెలవు దొరకలేదు. ఎనిమిదో నెలలో దొరికింది. అక్కడి డాక్టరమ్మ విమానంలో పోవచ్చని చెప్పింది. అతడు సంబరంగా టికెట్లు తీసి అత్తగారికి ఫోన్ చేశాడు. ఫోన్ గంగాదేవి చేతిలో ఉంది కానీ జవాబు మాత్రం పక్కనే చేటలో వేరుశెనగ చెనిక్కాయలు ఒలుస్తున్న ఆమె తల్లి రంగనాయకమ్మ దగ్గర నుంచి వచ్చింది.

"ఎనిమిదో నెలలో బిడ్డను ఊరు దాటిచ్చేది లేదు," అంది ముసలామె.

"గంటన్నరే గదవ్వా," అన్నాడు ఆనంద్.

"గంటన్నర కాదప్పా, గడియ గూడా వద్దు. తొమ్మిదో నెల పడనీ."

రంగనాయకమ్మ మామూలుగా ఇంత మొండి మనిషి కాదు. కోడళ్ల చీరల గురించి, మనవళ్ల జుట్ల గురించి నోరెత్తదు. ఈ ఒక్క విషయంలో మాత్రం వీధిలో ఎవరింట కడుపుతో ఉన్న పిల్ల ఉన్నా వెళ్లి మరీ చెప్పి వస్తుంది. ఎందుకో పాతవాళ్లకు తెలుసు. గంగాదేవిని తనకల్లు దగ్గరి ఊరికి ఇచ్చారు. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, అత్తగారు ఆమెతో చెనిక్కాయ చెట్లు పీకిస్తోందని తెలిసి రంగనాయకమ్మ ఆగలేకపోయింది. ఎనిమిదో నెల అని అందరూ వద్దంటున్నా వినకుండా వెళ్లి, కూతురిని బస్సెక్కించుకుని పెనుకొండకు తెచ్చింది. గోతుల రోడ్డు, రెండు బస్సులు మారాలి. వచ్చిన మరునాడు ఆస్పత్రిలో బిడ్డ లేదన్నారు. కదిలించకూడని నెలలో కదిలించింది, బస్సు కుదుపులకు బిడ్డ పోయింది అని తనకల్లు వాళ్లు అన్నారు, పెనుకొండ వాళ్లూ అన్నారు. రంగనాయకమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత గంగాదేవి భర్తతో సహా పెనుకొండకే వచ్చేసింది. అక్కడ పుట్టిన రాధకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అందుకని గంగాదేవి కూడా తల్లి పక్షమే. వీధంతా విమానం గొప్ప చెప్పుకుని తిరిగిన మనిషి, తీరా టికెట్ చేతికొచ్చాక రద్దు చేయించింది. ఆనంద్ అత్తతో వాదించే రకం కాదు, సరేనన్నాడు.

తొమ్మిదో నెల పడింది. పడగానే అమావాస్య అడ్డం వచ్చింది. అమావాస్య పోతే మంగళవారం. గంగాదేవి భర్త శివశంకర్ ట్రాక్టర్ మెకానిక్, చేతికి గ్రీసు తప్ప వేరే సంగతి పట్టని మనిషి. అతణ్ణి పనిగట్టుకుని హిందూపురం పంపి, పంచాంగం చూసే అయ్యవారితో మంచిరోజు పెట్టించింది. అయ్యవారు ఇంకో వారం అవతలికి పెట్టాడు. ఈ ఇంట్లో కడుపు లెక్క నెలల్లో జరుగుతుంది, తిథుల్లో జరుగుతుంది. వారాల లెక్క అనేది ఇంకొకటి ఉంటుందని, దాన్ని అడిగేవాళ్లు విమానాశ్రయంలో బల్ల వెనక కూర్చుంటారని ఎవరికీ తోచలేదు. ఆనంద్‌కైనా తోచాల్సింది. కానీ అతడూ ఈ పక్కనే ఉన్న చెన్నేకొత్తపల్లి పిల్లవాడే. రెండోసారి సెలవు దొరకడమే పెద్ద గండం గడిచినట్టు అనుకున్నాడు.

ప్రయాణం రోజు గంగాదేవి క్యాంటీన్‌కు సెలవు పెట్టింది. ముందు గదిలో మంచానికి కొత్త నులక వేయించింది. పాత నూలు చీరలు ఉతికి, చింపి, మడతలు పెట్టింది. దిష్టి తీయడానికి ఎర్రనీళ్ల పళ్లెం గడప పక్కన పెట్టింది. పూర్ణం ఓళిగలకు పప్పుబేళ్లు ఉడుకుతున్నాయి. శివశంకర్ బాడుగ కారు తీసుకుని, ఎక్కడ ఆలస్యమవుతుందోనని వెళ్లాల్సిన దానికంటే చాలా ముందే బెంగుళూరుకు బయలుదేరాడు. ఇంత సిద్ధంగా ఉన్నా గంగాదేవికి పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఫోన్ కొంగులో కట్టుకుని తిరుగుతోంది. అంత బరువు విమానం గాలిలో ఎలా నిలబడుతుందన్నది ఆమె భయం కాదు. కడుపులో ఉన్న బిడ్డకు గాలి ఆడుతుందా అన్నదే ఆమె భయం.

ఫోన్ మోగింది. ఎక్కేశామని చెప్పడానికే అనుకుంది.

"అత్తా, ఎక్కనీలేదు," అన్నాడు ఆనంద్.

"ఎక్కనీలేదంటే?"

"డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ సూసినారు. ముప్పై ఆరు వారాలు దాటిండాదంట. అది దాటితే విమానంలో ఎక్కిచ్చుకోరంట. ఎంత అడిగినా రూలే అంటాండారు."

"వారాలేందప్పా? తొమ్మిదో నెలే గదా."

"వాళ్లు వారాల్లోనే సూస్తారంటత్తా." చెప్పాలా వద్దా అనుకుంటూ అతడు మెల్లగా అన్నాడు. "పోయిన వారం వచ్చింటే ఎక్కనిచ్చేవాళ్లంట."

పోయిన వారం. అమావాస్య, మంగళవారం, అయ్యవారు. ఆ వారాన్ని అవతలికి నెట్టింది ఎవరో ఆనంద్ అనలేదు, అననవసరం లేదు కూడా. బిడ్డ క్షేమంగా రావాలని చేసిన ప్రతి పనీ బిడ్డను అక్కడే కట్టిపడేసింది. ఇప్పుడు తెలిసినవాళ్లు లేని ఊళ్లో, భాష రాని ఆస్పత్రిలో కూతురు కంటుందా? పక్కన తల్లి కూడా లేకుండానా?

"రాధకు ఇయ్యి ఫోను."

రాధ ముక్కు ఎగబీలుస్తూ మాట్లాడింది. "అందరూ నన్నే సూస్తాండారు మా. పెట్టెలన్నీ మళ్లా కిందికి దించినారు. ఈడ కనాలంటే నాకు భయమైతాంది."

"ఏడవద్దు తల్లీ. ఏమన్నా తిన్యావా?"

"ఒక ఇడ్లీ తింటి. ఆకలి గాలేదు. నిన్నట్నుంచీ సర్దేదానికే సరిపోయె. లోపల ఇది గూడా అలిగిండాది, కదలకుండా గమ్మునుండాది."

"నిద్రపోతాంటాది లే. మీ హడావిడికి అలిసిపోయింటాది," అంది గంగాదేవి. "నువ్వు నీళ్లు తాగు ముందు. మీ నాయనతో మాట్లాడి మళ్లా చేస్తా."

శివశంకర్ అప్పటికే విమానాశ్రయం చేరి, వచ్చే విమానాల పట్టిక కింద నిలబడి ఉన్నాడు. భార్య చెప్పింది విన్నా అతని బుర్రకు ఎక్కలేదు.

"టయానికే వస్తాందని ఈడ సూపిస్తాండారు గదా."

"విమానం వస్తాది. మన బిడ్డ రాదు."

"మరి నేనేం చేసేది?"

"తిరిగి రా."

"బిడ్డను పిల్చకరాకుండా ఉత్త కారుతో ఎట్లొచ్చేది?" అన్నాడు.

రంగనాయకమ్మ అంతా వింది. ఆమెకు దారి వెంటనే తోచింది. "రాత్రి రైలెక్కమను. పండుకోని వచ్చేస్తాది. ధర్మవరం స్టేషన్‌లో మనం కారు పెట్టుకోని ఉందాం. రైలోళ్లు వారాలడగరు."

మాట బాగానే ఉంది. గంగాదేవికి ప్రాణం కొంచెం లేచొచ్చింది కూడా. ఆనంద్‌కు ఆ మాటే చెబుదామని ఫోన్ తీసింది. బేళ్లు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయి స్టవ్ ఆపింది. ఆపి, అలాగే నిలబడిపోయింది.

నిద్రపోతాంటాది లే.

ఆ మాట తనది కాదు. అత్తగారిది. తనకల్లు దగ్గరి ఆ ఇంట్లో, కల్లం పక్కన, తను పందొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు విన్న మాట. కడుపులో బిడ్డ కదలడం లేదని భయపడి చెబితే, అత్తగారు చేటలోంచి తల కూడా ఎత్తకుండా అన్నది. ఎనిమిదో నెలలో ఒత్తిగిల్లి పడుకుంటాది, నిద్రపోతాంటాది లే, పోయి పని సూసుకో. గంగాదేవి నమ్మింది. ఆ రోజు కదల్లేదు, మరుసటి రోజూ కదల్లేదు. ఆ తర్వాతే అమ్మ వచ్చింది. అమ్మను చూసిన ఆనందంలో, పుట్టింటికి పోతున్నానన్న ఆనందంలో, దారిలో పల్లీలు కొనుక్కుని తింది కూడా. ఆ తర్వాత బస్సు, బస్సు అని ఇన్ని నోళ్లు అన్నాయి కదా, అందరితో పాటు తనూ బస్సే అనుకుంది. బస్సుకు ముందు రెండు రోజులున్నాయని, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు.

ఆ రెండు రోజుల సంగతి ఇప్పుడు వంటింట్లో గుర్తొచ్చింది.

రాధకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆనంద్‌కు చేసింది, వేరే కాల్‌లో ఉన్నాడంది. మళ్లీ రాధకు. మళ్లీ ఆనంద్‌కు. ఈలోపు శివశంకర్ ఫోన్ చేసి, కారు నిలిపే చోట బాడుగ పెరిగిపోతోందని ఏదో చెప్పబోతే, "పెట్టేయ్యా ఫోను," అని అరిచింది. పెళ్లయ్యాక అతని మీద అలా అరవడం అదే మొదలు. కంగారులో తప్పు నంబరు నొక్కింది. క్యాంటీన్‌లో ఎవరో ఎత్తి, దిగినారా అక్కా అని అడిగారు. ఆమె పెట్టేసింది.

చివరికి ఆనంద్ ఎత్తాడు. వెనక కార్ల హారన్లు వినిపిస్తున్నాయి. "ట్యాక్సీలో ఇంటికి పోతాండాం అత్తా. రాధ పండుకుంటానంటాంది. కొంచేపు నిద్రపోతే..."

"ఇంటికొద్దు. ఆస్పత్రికి పో."

"ఎందుకు? నొప్పులేం రాలేదే."

"బిడ్డ కదిలి ఎంతసేపయిందో అడుగు."

అతడు అడిగాడు. రాధ జవాబు దూరంగా, అయోమయంగా వినిపించింది. పొద్దున కదల్లేదు. రాత్రి సర్దుతూ చూసుకోలేదు. నిన్న మధ్యాహ్నం కదిలినట్టే గుర్తు.

"ఇందాక నిద్రపోతాంటాదంటివి గదా మా?" అంది రాధ.

ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు.

"తెలీక అంటి తల్లీ. ఇను. నీకు ముందు నాకొక బిడ్డ. కడుపులోనే పోయింది. రెండు దినాలు కదల్లేదు అది. కదల్లేదని మా అత్తకు, మీ జేజికి, చెప్తే, నిద్రపోతాంటాది లే అనింది. నేను గమ్మునుంటి. ఆ రెండు దినాలు అయినాకనే మీ అవ్వ వచ్చి నన్ను బస్సెక్కిచ్చింది. నువ్వు గమ్మునుండొద్దు. ఆనందా, యాడికీ పోవద్దు, నేరుగా ఆస్పత్రికి పో. పోతానే కదల్లేదని చెప్పు. వేరే ఏం చెప్పినా చెప్పకపోయినా అదొక్కటి చెప్పు."

ఆనంద్ డ్రైవర్‌తో హిందీలో ఏదో గట్టిగా అన్నాడు. "గంట పడతాదత్తా, ట్రాఫిక్ ఉండాది," అన్నాడు. అంతలోనే ఫోన్ తెగింది.

ఏడు వందల కిలోమీటర్లకు గంటన్నర, అదే ఊళ్లో ఆస్పత్రికి గంట. ఆ గంటసేపు గంగాదేవి ఏం చేసిందో ఆమెనే అడిగితే చెప్పలేదు. దేవుడి పటం ముందు నిలబడింది, మొక్కుకోవడానికి మాట రాలేదు. ఆరేసిన గుడ్డలు తీసుకొచ్చి మళ్లీ ఆరేసింది. రాధ అక్కడ సీటులో కూర్చుని కడుపు మీద చేయి పెట్టుకుని ఉంటుంది, లోపల ఏదైనా తగులుతుందా అని చూసుకుంటూ ఉంటుంది. తను చూసుకోలేదు. తను పల్లీలు తింది. అదే తలుచుకుని తలుచుకుని, వచ్చి గడప మీద కూర్చుంది. వీధిలో పోయే ఒకామె, "బిడ్డ ఎక్కిందా విమానం?" అని నవ్వుతూ పలకరించింది. ఊళ్లో అందరికీ తనే చెప్పింది కదా. గంగాదేవి తల ఊపింది, ఎటు ఊపిందో ఆమెకే తెలియదు.

రంగనాయకమ్మ అన్ని మాటలూ విన్నది. ఒలవాల్సిన చెనిక్కాయలు చేటలోనే ఉన్నాయి.

ఆనంద్ ఫోన్ చేశాడు. "కడుపుకి పట్టీ కట్టి మిషన్‌లో సూసినారు. గుండె కొట్టుకుంటాంది."

"కొట్టుకుంటాందా?"

"కొట్టుకుంటాంది గానీ శానా మెల్లగా కొట్టుకుంటాందంట. ఆగేకి లేదు, ఇప్పుడే ఆపరేషన్ అంటాండారు. సంతకం పెడితి. లోపలికి తీసకపోయినారు."

మళ్లీ ఎదురుచూపు. ఇది మొదటిదానికంటే చిన్నది, మొదటిదానికంటే ఘోరం. తల్లీ కూతురూ మధ్యలో ఫోన్ పెట్టుకుని నేల మీద కూర్చున్నారు. అది మోగినప్పుడు గంగాదేవి ఎత్తి, తల్లికీ వినబడేలా స్పీకర్ నొక్కింది. ఎవరో మరాఠీలో పిలుస్తున్నారు, తలుపు మూసిన చప్పుడు, తర్వాత ఆనంద్ ఏడుపు.

"ఆడబిడ్డత్తా," అన్నాడతడు. "ఏడ్చింది. నేను విన్నా. రాధ బాగుండాది. బిడ్డ బరువు తక్కువుంది, రెండు మూడు దినాలు గాజు పెట్టెలో పెడతారంట. భయం లేదన్నారు."

గంగాదేవి రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతులు తీసి అడిగింది. "ట్యాక్సీ కుదుపులకేమన్నా ఇట్లయిందా? పోయేకి, వచ్చేకి, రెండుసార్లు తిప్పితిమే దాన్ని."

"నేనూ అదే అడిగితి డాక్టరమ్మను. తిరిగేదానికీ దీనికీ సంబంధం లేదంట. బొడ్డుతాడు మెడకు చుట్టుకోని బిగిసిందంట, అందుకే కదిలేది తగ్గిందంట. కదలికలు తగ్గినాయంటే లోపల అప్పటికే కష్టంలో ఉన్నట్టంట. ఇంకొక పూట ఆలస్యమైంటే..." ఆనంద్ ఆ మాట పూర్తి చేయలేదు. "నువ్వు చెప్పకపోయింటే మేం ఇంటికి పోయి పండుకునేవాళ్లం అత్తా."

ఫోన్ పెట్టేశాక శివశంకర్‌కు చెప్పింది. అతడు విమానాశ్రయం బయట, కారు పక్కన నిలబడి, ఊఁ ఊఁ అన్నాడు. ఆ తర్వాత మామూలుగా అడిగాడు. "మళ్లెప్పుడు పిల్చకొచ్చేది వాళ్లను?"

"వాళ్లు రారు. మనమే పోదాం. నువ్వు బిన్నె రా, ఆలస్యం చేయొద్దు, ధర్మవరం పోయి రాత్రి రైలు పట్టుకుందాం," అంది గంగాదేవి.

ఆమె లేచి సంచి తీసింది. మడతపెట్టిన నూలు గుడ్డలు అడుగున వేసింది, తన చీరలు రెండు వేసింది. పుట్టింట్లో కాన్పు కాలేదన్న బాధ ఎక్కడో ఉండే ఉంటుంది. ఇప్పుడు దాని వైపు చూసే తీరిక ఆమెకు లేదు.

"గంగా," అంది రంగనాయకమ్మ.

పొద్దున రైలు మాట చెప్పిన తర్వాత ఆమె నోరు విప్పడం ఇదే. చేట ముందు అలాగే కూర్చుని ఉంది. కూతురి వైపు కాకుండా నేల వైపు చూస్తోంది.

"ఏం మా?"

"నేను వచ్చేటప్పటికే కదల్లేదా?"

గంగాదేవి చేతిలోని చీర మంచం మీద పెట్టి వచ్చి తల్లి ముందు కూర్చుంది. "కదల్లేదు మా. రెండు దినాలయింది అప్పటికే."

"నాకు చెప్పలేదే నువ్వు."

"చెప్పాలని నాకే తెలీలేదు. అందరూ బస్సంటిరి. నేనూ బస్సే అనుకుంటి."

ముసలామె చేటలోంచి ఒక చెనిక్కాయ తీసుకుంది, ఒలవకుండా పట్టుకుంది. "అయితే బస్సు కాదా?" అని అడిగింది.

"కాదు మా. నువ్వు పిల్చకొచ్చినందుకు కాదు."

ఆ బిడ్డ పోయిన రోజు ఆస్పత్రి వరండాలో అందరూ ఏడ్చారు. గంగాదేవి ఏడ్చింది, శివశంకర్ ఏడ్చాడు, చెట్లు పీకించిన అత్తగారు కూడా వచ్చి ఏడ్చింది. రంగనాయకమ్మ ఒక్కతే కంటతడి పెట్టకుండా గోడవైపు తిరిగి నిలబడింది. రాయి మనిషి అన్నారు చూసినవాళ్లు. చేసింది తనేనని నమ్మిన మనిషి, అందరి ముందూ ఏ ముఖం పెట్టుకుని ఏడుస్తుంది?

ఇప్పుడు ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఆ బిడ్డ కోసం ఏడ్చింది. గంగాదేవి ఊరుకోమని అనలేదు.